పోత ఇనప పెనాల పెట్టె: తోమడం, ఆరబెట్టడం, మోసుకెళ్లడం (ప్రాజెక్టు డైరీ)

బెంగళూరు నుంచి గండికోట, సకలేశపుర లాంటి చోట్లకి క్యాంపింగుకి కార్లో తీసుకెళ్లే నాలుగు పోత ఇనప పాత్రల లెక్క ఇది. పెట్టె చేసుకోవాలనుకునేవాళ్లకి చివరి కొలతలు దశ 4లో ఉన్నాయి. అయితే పెట్టె ఒక్కటీ చేసుకుంటే తుప్పు ఆగదు. పెట్టెలో పెనంతో పాటు ఇంకేం పెడుతున్నాం అన్నదే అసలు సంగతి. అది తేలడానికి దశ 5 దాకా పట్టింది.

మోసే సామాను, వంటింటి కాటా మీద:

1. దోసె పెనం, 12 అంగుళాలు, రెండు చెవులతో కలిపి 38 సెం.మీ. వెడల్పు: 2.9 కిలోలు
2. మూకుడు, 10 అంగుళాలు: 2.6 కిలోలు
3. పొంగణాల పెనం, 7 గుంతలది: 2.0 కిలోలు
4. డచ్ ఓవెన్ (బరువైన మూత ఉన్న లోతైన ఇనప గిన్నె), 4.7 లీటర్లు, మూతతో: 5.9 కిలోలు

లెక్క ఇప్పటికి: ఇనుము 13.4 కిలోలు. ఖర్చు ఏమీ లేదు, పాత్రలు పాతవే.

దశ 1: ట్రంకు పెట్టె, పాత పేపర్లు. పనికిరాలేదు

దారి: బాగేపల్లి, కదిరి మీదుగా గండికోట, సుమారు 280 కిలోమీటర్లు. అక్కడ రెండు రాత్రులు. ఇనప ట్రంకులో డచ్ ఓవెన్ అడుగున, దానిలో పొంగణాల పెనం, పైన మూకుడు, అన్నిటి మీదా దోసె పెనం. మధ్యమధ్య మడత పెట్టిన వార్తాపత్రికలు. తిరిగొచ్చాక ట్రంకు ఐదు రోజులు తెరవలేదు.

తెరిచాక కనబడ్డవి:

దోసె పెనం మీద పేపరు మడతలు ఎక్కడ ఆనాయో అక్కడే గీతల్లా తుప్పు. పేపరు తగలని చోట నలుపు, అంటే గట్టిపడిన నూనె పొర, చెక్కుచెదరలేదు. పేపరు తేమని పీల్చుకుంటుంది నిజమే, కానీ పీల్చుకున్నదాన్ని వదలకుండా ఇనుముకి ఆనించి పట్టుకుంటుంది. ఐదు రోజులు తడిగుడ్డ కప్పినట్టే అయింది.

డచ్ ఓవెన్ మూత లోపలి వైపు ఆవిరి చుక్కలుగా కిందికి రాలడానికి చిన్నచిన్న ముల్లులు ఉంటాయి. ఒక్కో ముల్లు మొదట్లో ఆవగింజంత నారింజ రంగు వలయం. గుడ్డ వేసి తుడిస్తే ముల్లు కొన తుడుచుకుంటుంది గానీ మొదట్లో చుక్క నిలిచిపోతుంది. గుడ్డతో ఈ మూత ఆరదు, సెగ మీద పెట్టాల్సిందే.

డచ్ ఓవెన్ లోపల అరచేయంత మేర నలుపు పోయి బూడిద రంగు తేలింది. ఇది తుప్పు కాదు. మొదటి రాత్రి టమాటా పప్పు వండి, మిగిలింది తెల్లారేదాకా అందులోనే ఉంచడం వల్ల పులుపు నూనె పొరని తినేసింది. పప్పుకి ఇనుము రుచి కూడా పట్టింది.

పొంగణాల పెనం చెవి ఒకటి విరిగిపోయింది. పోత ఇనుములో 2 నుంచి 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది, అందులో చాలా భాగం గ్రాఫైటు రేకులుగా లోహం మధ్య పరుచుకుని ఉంటుంది. దెబ్బ తగిలితే స్టీలులా వంగదు, ఆ రేకుల వెంబడి పగులుతుంది. గతుకుల మీద ఇనుముకి ఇనుము తగిలితే అంతే. విరిగిన చెవిని వెల్డింగు చేయించొద్దు. పోత ఇనుముకి నికెల్ రాడ్డు కావాలి, ముందు పాత్రంతా వేడి చేయాలి, తర్వాత మెల్లగా చల్లార్చాలి. అంతా చేసినా ఆ అతుకు పక్కనే మళ్లీ బీట వారే అవకాశం ఎక్కువ. వంట పాత్రకి అంత రిస్కు తగదు.

మిగతా మూడింటికీ పగులు పరీక్ష చేశాం:

1. చెవికి దారం కట్టి గాల్లో వేలాడదీయాలి.
2. చెక్క గరిటెతో అంచు మీద కొట్టాలి.
3. ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలిస్తే బాగున్నట్టు. మొద్దుగా మోగి వెంటనే ఆగిపోతే ఎక్కడో బీట ఉన్నట్టు.

మూడూ మోగాయి. సెకండ్ హ్యాండ్ పెనం కొనేటప్పుడు కూడా కొట్టులోనే ఈ పరీక్ష చేయండి. కంటికి కనబడని బీట చెవికి తెలిసిపోతుంది.

దశ 2: తుప్పు తీయడం, మళ్లీ నూనె పట్టించడం

దోసె పెనం, డచ్ ఓవెన్ మూత రెంటికీ ఇదే పద్ధతి.

1. వెనిగర్ 2 లీటర్లు, నీళ్లు 2 లీటర్లు ప్లాస్టిక్ టబ్బులో కలపాలి. పెనం పూర్తిగా మునగాలి. సగం మునిగితే నీటి గీత దగ్గర మచ్చ పడిపోతుంది.
2. 30 నిమిషాలకి తీసి స్టీలు పీచుతో రుద్దాలి.
3. ఇంకా నారింజ రంగు ఉంటే మరో 20 నిమిషాలు. అన్నీ కలిపి గంట దాటకూడదు. తుప్పు అయిపోయాక వెనిగర్ ఇనుమునే తినడం మొదలుపెడుతుంది, పెనం గరుకు తేలుతుంది. రాత్రంతా నానబెట్టమని చెప్పే సలహా వినకండి.
4. లీటరు నీళ్లకి ఒక చెంచా వంట సోడా కలిపి కడగాలి. మిగిలిన పులుపు విరిగిపోతుంది.
5. వెంటనే పొయ్యి మీద పెట్టాలి. నూనె పొర లేని ఇనుము నిమిషాల్లో పసుపురంగు తిరుగుతుంది. గ్యాసు ముందే వెలిగించి ఉంచుకోండి.

డచ్ ఓవెన్ లోపలికి వెనిగర్ అక్కర్లేదు. అక్కడ పోయింది నూనె పొర మాత్రమే కాబట్టి కడిగి, ఆరబెట్టి, నేరుగా నూనె పట్టించాం.

నూనె ఎంపిక. పెనం మీద నల్లగా గట్టిపడేది కాలిన మసి కాదు. నూనె వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గొలుసుల్లా అల్లుకుపోయి వార్నిష్‌లా గట్టిపడిన పొర అది. ఏ నూనె ఎంత బాగా అల్లుకుంటుందో అయోడిన్ విలువ చెబుతుంది: కొబ్బరి నూనె 6 నుంచి 11, నువ్వుల నూనె 104 నుంచి 120, పొద్దుతిరుగుడు 118 నుంచి 141. అవిసె నూనె 170 పైనే, కానీ దాని పొర పెళుసు, పెచ్చులుగా లేచిపోతుంది. కాబట్టి రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె తీసుకున్నాం. కొబ్బరి నూనెతో ఈ పొర రాదు. అయితే ఆ నూనెకి వేరే పని ఉంది, అది దశ 6లో.

మొదటి ప్రయత్నం చెడింది. 12 అంగుళాల పెనానికి రెండు వైపులా కలిపి అర చెంచా, అంటే 2.5 మి.లీ. నూనె పూశాం. చల్లారాక పెనం మీద వేలు పెడితే బెల్లం పాకంలా అంటుకుంది, అంచుల్లో గోధుమరంగు బొట్లు నిలిచాయి. రెండు ముఖాలూ కలిపితే దాదాపు 1,460 చదరపు సెంటీమీటర్లు. 2.5 మి.లీ. నూనె దాని మీద 17 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంత మందంలో పైపొర మాత్రమే గట్టిపడి లోపల జిడ్డుగా ఉండిపోతుంది. రెండోసారి 0.4 మి.లీ., సుమారు పది చుక్కలు, 3 మైక్రాన్లకి లోపు. పూశాక పొడిగుడ్డతో మొత్తం తుడిచేయాలి. నూనె మొత్తం పోయిందనిపించేదాకా తుడిస్తే సరిగ్గా సరిపోతుంది.

చాలా ఇంటి ఓవెన్లలో 38 సెం.మీ. పెనం పట్టదు, కాబట్టి గ్యాసు మీదే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే మధ్యస్థ మంట మీద నడుమ 255 డిగ్రీలు, అంచు 140. ఇనుము వేడిని అల్యూమినియంలో నాలుగో వంతు వేగంతోనే పాకిస్తుంది, అందుకే ఈ తేడా. ఇలా చేస్తే నడుమ పొర మాడుతుంది, అంచు పచ్చిగా ఉంటుంది. మార్చిన పద్ధతి:

1. సన్నసెగ మీద 10 నిమిషాలు, పెద్ద స్టీలు బేసిన్ బోర్లించి మూయాలి.
2. తర్వాత ప్రతి 3 నిమిషాలకీ పెనాన్ని పావు వంతు జరుపుతూ అంచు మంట మీదికి తేవాలి.
3. అంచు 220 దాటి సన్నగా పొగ లేచాక అక్కడి నుంచి 25 నిమిషాలు. కిటికీలు తెరిచి ఉంచాలి.
4. మంట ఆపి దానంతట అదే చల్లారనివ్వాలి.
5. ఇలా 4 సార్లు.

నాలుగోసారికి నడుమ, అంచు మధ్య రంగు తేడా కనబడలేదు.

లెక్క ఇప్పటికి: వెనిగర్ ₹120, స్టీలు పీచు ₹60, కొత్త పొంగణాల పెనం ₹1,100. మొత్తం ₹1,280. కొత్త పెనం బరువూ 2.0 కిలోలే, కాబట్టి ఇనుము 13.4 కిలోలే.

దశ 3: క్యాంపులో తోమడం

మొదటి లెక్క: నాలుగు పాత్రలకి 3 లీటర్ల నీళ్లు. గండికోటలో నీళ్లు మోసుకెళ్లాల్సిందే, అది భరించలేం. పద్ధతి మార్చాక 1.1 లీటర్లు. ఒక్కో పాత్రకి ఇలా:

1. పాత్ర వేడిగా ఉండగానే చెక్క అట్లకాడతో మాడు గీకాలి.
2. ఇంకో గిన్నెలో కాచిన నీళ్లు 200 మి.లీ. పోయాలి. కాలే పెనం మీద చన్నీళ్లు ఎప్పుడూ పోయొద్దు. పైభాగం ఒక్కసారిగా ముడుచుకుని బీట వారుతుంది.
3. ఒక నిమిషం మరగనిచ్చి మళ్లీ గీకాలి. అడుగంటిందంతా ఊడివస్తుంది.
4. ఆ నీళ్లు చిన్న గుంటలో పోయాలి. నదికి, చెరువుకి కనీసం 60 మీటర్ల దూరంలో.
5. ఇనప గొలుసుల స్క్రబ్బరుతో లేదా కొబ్బరి పీచుతో రుద్దాలి. అవసరమైతే లిక్విడ్ సోపు రెండు చుక్కలు.
6. ఇంకో 75 మి.లీ. నీళ్లతో కడిగి గుడ్డతో తుడవాలి.
7. పొయ్యి మీద 4 నిమిషాలు.
8. వెచ్చగా ఉండగా 5, 6 చుక్కల నూనె, తుడిచేయడం.

7వ అడుగు మానేసేవాళ్లే ఎక్కువ, అందుకే దాన్ని కాటా మీద పెట్టి చూశాం. గుడ్డతో బాగా తుడిచిన దోసె పెనాన్ని 1 గ్రాము దాకా చూపే కాటా మీద తూచి, 4 నిమిషాలు వేడి చేసి, చల్లారాక మళ్లీ తూచాం. 3 గ్రాములు తగ్గింది. చేత్తో తడిమితే పొడిగా తగిలిన పెనం అది. పోతలో ఏర్పడే గరుకు గుంటల్లో నీళ్లు దాగుతాయి. ఇంకో 4 నిమిషాలు వేడి చేసినా బరువు మారలేదు, కాబట్టి 4 నిమిషాలు చాలు.

సబ్బు సంగతి. సబ్బు తగిలితే పెనం పాడవుతుందన్న మాట కాస్టిక్ కలిసిన పాత సబ్బుల నాటిది. ఇప్పటి లిక్విడ్ సోపు రెండు చుక్కలు గట్టిపడిన పొరని ఏమీ చేయవు. గిన్నెలు తోమే సబ్బు బిళ్లలు మాత్రం వద్దు, చాలావాటిలో సోడా, రాపిడి పొడి కలిపి ఉంటాయి.

బూడిద. కట్టెల పొయ్యి ఉన్నచోట బూడిద, కొబ్బరి పీచు వేసి తోమడం మన ఇళ్లలో అలవాటే, ఇత్తడి సామానుకి బాగానే ఉంటుంది. పోత ఇనుముకి వద్దు. ఒకసారి తడి బూడిదతో మూకుడు తోమితే నడుమ పొర పలచబడి, మర్నాడు వేపుడు మొత్తం అంటుకుంది. కట్టె బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది. నీళ్లు తగిలితే క్షారమై, కాస్టిక్ సోడా చేసే పనే నెమ్మదిగా చేస్తుంది.

ఉప్పు. రాళ్ల ఉప్పు, నూనె వేసి రుద్దితే మాడు చక్కగా పోతుంది. కానీ తుడిచి వదిలేయకూడదు, తర్వాత తప్పకుండా కడగాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరై కరుగుతుంది. పెనం మూలలో ఒక్క ఉప్పు రవ్వ మిగిలినా దాని చుట్టూ ఉప్పునీటి మడుగు తయారవుతుంది. ఉప్పు సీసాని తోముడు సామాను సంచిలోంచి తీసేసి వంట సామానులో పెట్టాం.

పులుపు. చారు, పులుసు, టమాటా, పులిహోర పోపు ఇక నుంచి స్టీలు గిన్నెలోనే. వండినది ఏదైనా ఇనప పాత్రలో అరగంట మించి ఉంచకూడదన్నది కొత్త నియమం.

నిప్పు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం, అక్కడ గ్యాసు స్టవ్వే. అనుమతి ఉన్నచోట కట్టెల మంట వేసినా, పెనాన్ని నిప్పుల్లో పడేసి మాడు కాల్చేద్దామనుకోవద్దు. ఎర్రగా కాలితే పొర మొత్తం బూడిదై పోతుంది, పెనం వంకర తిరిగే ప్రమాదమూ ఉంది.

లెక్క ఇప్పటికి: స్క్రబ్బరు ₹650, అట్లకాడ ₹110, నూనె చుక్కల సీసా ₹40. కలిపి ₹800. మొత్తం ₹2,080. తోముడు సంచి బరువు 0.9 కిలోలు, నీళ్లు కాక.

దశ 4: పెట్టె

మొదటి నమూనా: నాలుగు పాత్రలకీ ఒకటే పెట్టె, 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్. ఖాళీ పెట్టే 8.1 కిలోలు, సామానుతో 21.5. కారు డిక్కీలోంచి ఒక మనిషి తేలిగ్గా ఎత్తలేడు. ఎత్తేటప్పుడు నడుము పట్టేసే బరువు ఇది, అందుకే ఈ నమూనా వదిలేశాం. అడుగున వేసిన 5 మి.మీ. ఫెల్టు రెండో ప్రయాణానికే నూనె, తేమ పీల్చి బూజు పట్టింది. దాని బదులు సైకిలు ట్యూబు ముక్కలు అతికించి చూశాం. కాస్త వెచ్చగా ఉన్న పెనానికి నల్ల గీతలు అంటాయి, రబ్బరు కంపు కూడా. అదీ తీసేశాం.

రెండో నమూనా: డచ్ ఓవెన్ విడిగా ఒక క్యాన్వాస్ సంచిలో. మిగతా మూడు పెనాలు పెట్టెలో నిలువుగా, స్టాండులో పళ్లేలు నిలబెట్టినట్టు. నిలువుగా పెడితే ఒకదాని బరువు ఇంకోదాని మీద పడదు, రెండు ముఖాలకీ గాలి తగులుతుంది.

కొలతలు, అన్నీ లోపలివి:

1. పొడవు 40, వెడల్పు 22, ఎత్తు 32.5 సెం.మీ.
2. అడుగు 12 మి.మీ. ప్లై, మిగతావి 9 మి.మీ. ప్లై. ఎం.డి.ఎఫ్. (చెక్క పొడిని అదిమి చేసిన పలక) వద్దు, ఒక్కసారి తడిస్తే ఉబ్బిపోతుంది.
3. అరలు: దోసె పెనానికి 4, పొంగణాల పెనానికి 5.5, మూకుడికి 10 సెం.మీ. మధ్య పలకలు 14 సెం.మీ. ఎత్తు చాలు.
4. అడుగున, పొడవుకి అడ్డంగా, 2 సెం.మీ. ఎత్తు రీపర్లు (చెక్క బద్దలు) రెండు, మధ్య 12 సెం.మీ. ఖాళీ. గుండ్రటి పెనం ఆ రెంటి మధ్య కాస్త దిగి కూర్చుంటుంది, దొర్లదు. రీపర్లు లేకుండా పెడితే బరువంతా ఒక్క గీత మీద పడి, ప్రతి బ్రేకుకీ పెనం ముందుకీ వెనక్కీ ఊగింది.
5. రీపర్ల మీద, పలకలకి రెండు వైపులా, మూత లోపల 6 మి.మీ. కార్క్ షీటు. నోటీసు బోర్డులకి వాడేదే.
6. మూత లోపల మూకుడికి ఎదురుగా 5.3 సెం.మీ., పొంగణాల పెనానికి ఎదురుగా 9.1 సెం.మీ. చెక్క ముక్కలు, చివర కార్క్. మూత మూస్తే మూడూ పైనుంచి నొక్కుకుని నిలుస్తాయి. దోసె పెనానికి చెక్క అక్కర్లేదు, మూత కార్కే తగులుతుంది.
7. పొడవు గోడలకి కింద రెండు, పైన రెండు చొప్పున 20 మి.మీ. రంధ్రాలు. ఒక్కోదానికి జరిపి మూసే అల్యూమినియం పట్టీ.

స్క్రూలు బయటి నుంచి బిగించండి. మొదటి పెట్టెలో లోపలికి అర మిల్లీమీటరు పొడుచుకొచ్చిన ఒక్క స్క్రూ మూకుడు వీపు మీద గీత పెట్టింది. ప్లైవుడ్ ముక్కలు, గొళ్లేలు, బందులు బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డు చుట్టుపక్కల దొరుకుతాయి. మొత్తం షీటు కొనక్కర్లేదు, కొలత ప్రకారం కోసి ఇచ్చే కొట్లు ఉన్నాయి.

డచ్ ఓవెన్‌కి: గిన్నె అంచు మీద మూడు చోట్ల, సమాన దూరంలో, రెండు మడతల నవారు ముక్కలు వేలాడదీసి మూత పెట్టాలి. మూతకీ గిన్నెకీ మధ్య 3 మి.మీ. సందు ఉంటుంది, ఇనుము ఇనుముకి తగలదు. తర్వాత నవారుతోనే అడ్డంగా, నిలువుగా కట్టాలి.

కార్లో చోటు: వెనక సీటు వీపుకి ఆనించి డిక్కీ నేల మీద, బెల్టుతో కట్టి. వెనక అద్దం దగ్గరి అర మీద కాదు. గట్టిగా బ్రేకు కొడితే 12 కిలోల పెట్టె అక్కడి నుంచి నేరుగా మనుషుల మీదికి వస్తుంది.

లెక్క ఇప్పటికి: మొదటి పెట్టె ప్లై ₹900, బందులు గొళ్లేలు పిడులు ₹480, ఫెల్టు ₹160, రెండో పెట్టె ప్లై ₹620, కార్క్ ₹240, క్యాన్వాస్ సంచి ₹350. కలిపి ₹2,750. మొత్తం ₹4,830.
బరువు: పెట్టె 4.6 + పెనాలు 7.5 = 12.1 కిలోలు. డచ్ ఓవెన్ సంచితో 6.3. తోముడు సంచి 0.9. అన్నీ కలిపి 19.3.

దశ 5: సకలేశపుర, జులై వాన

పెట్టెలో చిన్న హైగ్రోమీటరు (గాలిలో తేమ కొలిచేది), 200 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) పెట్టాం. నారింజ రంగుది, తేమ పీల్చాక ఆకుపచ్చగా మారేది. నీలం రంగుది వంట సామాను దగ్గరకి రానివ్వకండి, దానిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. వాన ప్రయాణం కాబట్టి రంధ్రాలన్నీ మూసేశాం. రంధ్రాలు తెరిచి జెల్ పెట్టడంలో అర్థం లేదు, ఊరి గాలంతటినీ ఆరబెట్టినట్టు అవుతుంది.

మొదటి రాత్రి: తోముడు సంచి కూడా పెట్టెలోనే, మూకుడు పక్కన. తెల్లారి లోపల తేమ 88 శాతం. జెల్ మొత్తం ఆకుపచ్చ. మూకుడు అంచున సన్నగా నారింజ ఛాయ.

పెట్టె ప్లైవుడ్ సందుల్లోంచి వాన గాలి దూరుతోందని ముందు అనుమానించాం. లెక్క వేస్తే అది తేలిపోయింది. పెట్టె లోపల సుమారు 28 లీటర్ల గాలి. 25 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి మహా అయితే 23 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకుంటుంది. అంటే పెట్టె గాలి మొత్తంలో 0.65 గ్రాములు. చెంచాలో ఎనిమిదో వంతు అంత. గాలి పది సార్లు మారినా 6.5 గ్రాములే.

అప్పుడు తోముడు సంచిలోని మసిగుడ్డని తూచాం. పొడిగా ఉన్నప్పటి కంటే 61 గ్రాములు ఎక్కువ. బాగా పిండి, మడిచి పెట్టిన గుడ్డే అది. సిలికా జెల్ బాగా తేమలో తన బరువులో సుమారు మూడో వంతు నీళ్లు పీలుస్తుంది. 200 గ్రాములకి అటూ ఇటూగా 60. గుడ్డ ఒక్కటే జెల్ మొత్తాన్ని తాగించేసింది. గండికోట ట్రంకులో పేపర్లు చేసిన పనే ఇక్కడ గుడ్డ చేసింది. బయట వాన ఎంత కురిసినా దాని వల్ల ఇంత నీళ్లు లోపలికి రావు, మనం చేత్తో పెడితేనే వస్తాయి.

రెండో రాత్రి: తోముడు సంచి బయట, టెంటు తాడుకి. కొత్త జెల్ 200 గ్రాములు. తెల్లారి బయట తేమ 94 శాతం, పెట్టెలో 54. జెల్ నారింజగానే ఉంది. తుప్పు లేదు.

ఇంకో చిక్కు తెల్లారి ఆరింటికి బయటపడింది. పెట్టె తెరిచిన రెండు నిమిషాల్లో పెనాలన్నీ చెమట పట్టాయి. ఇనుము 17 డిగ్రీలు, బయట గాలి 20. అంత తేమ గాలిలో 19 డిగ్రీల దగ్గరే ఆవిరి నీరవుతుంది, 17 డిగ్రీల ఇనుము తగిలితే చుక్కలు దిగక తప్పదు. ఇప్పుడు పాటిస్తున్నది:

1. పొయ్యి వెలిగించాకే పెట్టె తెరవాలి.
2. కావాల్సిన పెనం ఒక్కటే తీసి వెంటనే మూయాలి.
3. తీసిన పెనాన్ని సన్నసెగ మీద 4 నిమిషాలు పెట్టాకే నూనె, పిండి.

జెల్‌ని ఇంట్లో మళ్లీ వాడుకోవచ్చు. దోసె పెనం మీదే పరిచి, 110 నుంచి 120 డిగ్రీల మధ్య, మళ్లీ నారింజ రంగు తిరిగేదాకా. గంటన్నర పట్టింది. 120 దాటితే రంగు పూత పాడవుతుంది, ఆ తర్వాత ఎంత పీల్చిందో తెలియదు.

లెక్క ఇప్పటికి: హైగ్రోమీటరు ₹380, జెల్ 500 గ్రాములు ₹260. కలిపి ₹640. మొత్తం ₹5,470. దీనిలో విరిగిన పెనం బదులు కొన్నది, మొదటి పెట్టె ప్లై, ఫెల్టు, వెనిగర్, స్టీలు పీచు ఖర్చు ₹2,340. నేరుగా రెండో నమూనా చేసుకునేవాళ్లకి ₹3,130 అవుతుంది.

దశ 6: ప్రయాణాల మధ్య ఇంట్లో

మూడు పెనాలకి మూడు నూనెలు పూసి, రంధ్రాలు తెరిచిన పెట్టెలో 7 వారాలు ఉంచాం. చోటు: వంటింటి అటక. సింకు కింద పెట్టొద్దు, అక్కడ పైపు చెమట పట్టి కారుతుంటుంది.

పొంగణాల పెనం, వేరుశనగ నూనె: మూడో వారానికే పాత నూనె వాసన. ఏడో వారానికి గుంతల్లో జిగురు.
మూకుడు, పొద్దుతిరుగుడు నూనె: అంచున పలచటి జిగురు, వాసన కొద్దిగా.
దోసె పెనం, కొబ్బరి నూనె: వాసన లేదు, జిగురు లేదు.

పొర కట్టడానికి కొబ్బరి నూనె పనికిరానిది ఏ కారణానో, నిల్వకి మంచిదీ అదే కారణాన. గాలితో త్వరగా కలవదు కాబట్టి గట్టిపడదు, చెడిపోదు కూడా. ఒక్క జాగ్రత్త: అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, డిసెంబరులో బెంగళూరు వంటింట్లో తెల్లటి పేరుకుడు కనబడుతుంది. పెనం వెచ్చగా ఉండగా రాసి తుడిచేస్తే పలచగా పరుచుకుంటుంది. ఇప్పుడు నాలుగింటికీ నిల్వకి కొబ్బరి నూనె, పొర కట్టడానికి పొద్దుతిరుగుడు.

పెట్టె తెరిచిన ప్రతిసారీ చేసే తనిఖీ: తెల్ల టిష్యూ కాగితంతో పెనం అంచు, చెవుల మొదలు, మూత ముల్లుల చుట్టూ తుడవాలి. నలుపు లేదా ముదురు గోధుమ అంటితే అది పొర మీది మసి, పట్టించుకోనక్కర్లేదు. నారింజ అంటితే తుప్పు. ఆ చోటుని స్క్రబ్బరుతో రుద్ది, వేడి చేసి, ఒక్క చుట్టు నూనె పట్టిస్తే చాలు, వెనిగర్ దాకా పోనక్కర్లేదు.

ఏడో వారం తనిఖీలో దోసె పెనం, మూకుడు, పొంగణాల పెనం మూడింటికీ నారింజ లేదు. డచ్ ఓవెన్ మూతలో ఒక్క ముల్లు దగ్గర కొద్దిగా వచ్చింది. ఆ మూతని 4 నిమిషాలే వేడి చేశాం, దాని మందానికి అది చాలలేదు. ఇప్పుడు మూతకి 7 నిమిషాలు, ముల్లులు కిందికి ఉండేలా. వచ్చే ప్రయాణం తర్వాత తూకం వేసి ఆ అంకె సరిచూడాలి.